కప్పిన పడవకు గాలి

అమెరికా సంయుక్త రాష్ట్రములకు ఈశాన్యపు మూలనున్న మెయిన్ రాష్ట్రపు సముద్రతీరమున, అక్టోబరు మాసమున చెట్ల యాకులు ఎఱ్ఱవాఱి రాలనారంభించు నాటికి, సొంత పడవలు గలవారు వానిని నీటినుండి వెలికిదీసి, గట్టుమీద ఇనుప ఊతల నడుమ నిలిపి, పైన దళసరి గుడ్డ కప్పి, త్రాళ్లతో బిగించి, మరల మే మాసము వచ్చి ఎండ కాయువఱకు అట్లే విడిచి యింటికి పోవుదురు. ఇంచుమించు ఆఱు నెలల పాటు మంచును, వానను, ఈదురుగాలిని ఆ గుడ్డయే భరింపవలయును. వసంతమున త్రాళ్లు విప్పి గుడ్డ తొలగించినపుడు కానవచ్చునది తఱచుగా విస్మయము గొలుపును. ముందుకొనయగు అణియము వైపున, వెనుకకొనయగు అమరము వైపున సందులు విడిచి, అంచులు గాలికి కదలునట్లు వదులుగా కప్పబడిన పడవ లోపల పొడిగా నుండును. చినుకు చొరరాకుండ, గాలి దూరరాకుండ, కడు శ్రద్ధతో నాలుగు వైపుల బిగించి కట్టిన పడవలో మెత్తలపై నల్లని మచ్చలు, చెక్కపై తెల్లని బూజు, ఇత్తడి సామానుపై పచ్చని చిలుము, గది తలుపు తెఱవగానే గుప్పున ముక్కిన వాసన ఎదురగును. గుడ్డకు చిల్లు లేదు, కుట్లు చెక్కుచెదరలేదు, వాన లోనికి వచ్చిన జాడ లేదు. ఐనను పడవ తడిసినది.

ఈ తడి గాలిలోనిది. వాయువునందు నీటియావిరి ఎల్లప్పుడును కలదు. ఎంత యావిరి నిలువగలదనునది మాత్రము ఉష్ణోగ్రతను బట్టియుండును. ఒక ఘనమీటరు చోటున 30 డిగ్రీల సెల్సియస్ కడ 30 గ్రాములు, 20 డిగ్రీల కడ 17 గ్రాములు, 10 డిగ్రీల కడ 9 గ్రాములకు కొంచెము మించి, 0 డిగ్రీల కడ 5 గ్రాములకు లోపు ఆవిరి మాత్రమే నిలువగలదు. అంతకు మించినది ద్రవమై తీరవలయును. గాలి చల్లబడుచు రాగా, దానిలోని యావిరి ఏ ఉష్ణోగ్రత కడ సంతృప్తమగునో దానిని తుషారస్థానమందురు. ఉదాహరణకు 15 డిగ్రీల వెచ్చదనమును, 80 శాతము సాపేక్ష ఆర్ద్రతయు గల గాలికి తుషారస్థానము 12 డిగ్రీలకు ఒకింత క్రింద నుండును. అనగా ఆ గాలిని తాకిన ఏ వస్తువైనను దానికంటె మూడు నాలుగు డిగ్రీలు చల్లగా నున్నచో చాలును, ఆ వస్తువుపై నీరు పట్టును.

ఆఱు మీటర్ల పొడవు గల పడవమీది గుడ్డ క్రింద సుమారు 10 ఘనమీటర్ల గాలి యుండునని తలంతము. ఆ గాలి పగటియెండకు 20 డిగ్రీల కడ ఆవిరితో నిండి, రాత్రికి 5 డిగ్రీలకు చల్లబడినచో, విడిపోవు నీరు నూఱు గ్రాముల పైచిలుకు మాత్రమే. అది చిన్న గ్లాసెడైనను కాదు. అంతటితో పోయినయెడల ఎవరును చింతింప పనిలేకుండెడిది. కాని మఱునాటి యెండకు ఆ నీరు మరల ఆవిరియగును. దానితోపాటు పడవ అడుగున నిలిచిన నీరు, మూలను చుట్టిపెట్టిన తడిత్రాళ్లు, లోపల స్పంజి గల మెత్తలు, క్రిందనున్న తడినేల, ఇవన్నియు తమ వంతు ఆవిరిని చేర్చును. అన్నిటికంటె పెద్ద నిలువ, చూపునకు పొడిగా కనబడు కొయ్యలోనే కలదు. ఎండు బరువు 100 కిలోగ్రాములుగా లెక్కకువచ్చు కొయ్య తన తేమను 25 శాతమునుండి 15 శాతమునకు దించుకొనవలెనన్నచో 10 కిలోగ్రాముల నీటిని బయటికి విడువవలయును. అది పోవుటకు దారి లేనిచో, కొయ్యనుండి గాలికి, గాలినుండి గుడ్డకు, గుడ్డనుండి మరల కొయ్యకు ఆ నీరే తిరుగుచుండును.

రాత్రివేళ గుడ్డకు ఇంతటి చలువ యెట్లు వచ్చుననునది ఒకప్పుడు పండితులకును సమస్యయే. 1814లో లండను నగరమున వైద్యుడుగానుండిన విలియం చార్లెస్ వెల్స్ మంచుబిందువులను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. ఆయన రాత్రులందు తోటలో గొఱ్ఱెబొచ్చు కుచ్చులను తూచి, ఆరుబయట కొన్నిటిని, పలకల చాటున కొన్నిటిని ఉంచి, వేకువను మరల తూచి, నిర్మలాకాశము క్రింద ఏ అడ్డును లేక యున్న కుచ్చులే అధికముగా తడియుటను, మబ్బు పట్టిన రాత్రి ఆ భేదము సన్నగిల్లుటను కనిపెట్టెను. ఆకాశమునకు ముఖము చూపు ప్రతి వస్తువును తన వేడిమిని వికిరణరూపమున పైకి విడుచుచు, చుట్టునున్న గాలికంటె చల్లబడుననియు, అట్లు చల్లబడిన పిమ్మటనే దానిపై మంచు పట్టుననియు ఆయన స్థాపించెను. పడవమీది గుడ్డ సరిగా అటువంటి వస్తువు: పలుచనిది, వేడిని దాచుకొను శక్తి లేనిది, సంపూర్ణముగా ఆకాశమునకు ఎదురుగా పఱచినది. మబ్బు లేని నిశ్చలమైన రాత్రి అది పరిసరవాయువుకంటె అనేక డిగ్రీలు చల్లబడును. దాని పైభాగమున బయటిగాలి మంచు కురియును. దాని అడుగుభాగమున పడవలోని గాలియే మంచు కురియును.

మన కృష్ణా గోదావరి డెల్టాల రైతులకు ఈ సంగతి పుస్తకము చదువకయే తెలియును. పచ్చిధాన్యపు రాశిపై బరకము కప్పి రాత్రి గడిపినవాడు తెల్లవాఱుజామున దాని కొస యెత్తిచూచినయెడల, లోపలివైపు చెమటపట్టి, పైపొర గింజ తడిసియుండును. అందుచేతనే వాన లేని పూట బరకము తీసి రాశికి గాలి తగులనిత్తురు.

గుడ్డ అడుగున జరుగు క్రియను దగ్గఱగా చూడవలయును. తొలుత ఆవగింజలో నాలుగవవంతు పరిమాణము గల బిందువులు గుడ్డనిండ సమముగా పుట్టును. వాలు చాలినంత యున్నచోట అవి ఒండొంటితో కలిసి, బరువెక్కి, గుడ్డనంటుకొనియే చూరువైపునకు జాఱిపోయి పడవ వెలుపల పడును. వాలు చాలనిచోట, లేదా కుట్టు అడ్డముగా వచ్చినచోట, లేదా లోని వెన్నుగఱ్ఱ గుడ్డను తాకుచోట ఆ ధార ఆగి, తెగి, క్రిందనున్న చెక్కపై బొట్టుబొట్టుగా రాలును. ఆఱు నెలలు ఒకే చోట పడిన ఆ బొట్టు క్రింద వార్నీషు తెల్లవాఱి, దాని నడుమ వ్రేలిగోరంత నల్లమచ్చ ఏర్పడును. ఇక గుడ్డ పడవ అంచుపలకను అదిమిపట్టి యున్నచోటు మఱియు హానికరమైనది. అచట నీరు జాఱుటకును వీలులేదు, ఆఱుటకును వీలులేదు. బూజు చూడగోరువారు మొదట ఆ గీత వెంబడి చూడవలయును.

బూజు మెత్తలను పాడుచేయును, కాని అది పైపైది. కొయ్యను లోలోపల తినివేయు శిలీంధ్రములు వేఱు. వాని బీజములు లేని చోటు భూమిపై లేదు. కావున వానిని రానీయకుండుట అసాధ్యము, వానికి నీరు దొరకకుండ చేయుటయే సాధ్యము. కొయ్యలో తేమ 20 శాతమునకు లోపల నున్నంతకాలము అవి తలయెత్తలేవు. 30 శాతమునకు చేరువైనప్పుడు విజృంభించును. వానికి తియ్యని నీరే హితవు. సముద్రపు ఉప్పునీటిలో నానిన పలకకంటె, పైకప్పు సందునుండి వాననీరు చేరిన పలక త్వరగా కుళ్లుటకు కారణమిదియే; న్యూ ఇంగ్లండు ప్రాంతపు పూర్వపు ఓడనిర్మాతలు పలకల వెనుక, వంపుకొయ్యల సందులలో, రాతియుప్పు నింపుటయు ఇందులకే. గుడ్డ అడుగున పట్టు నీరు ఆవిరినుండి పుట్టినది గావున, అది వాననీటికంటెను ఉప్పులేనిది.

గాలియాడని ఓడ కుళ్లునని ఆంగ్లేయ నౌకాదళము ఎంతో ధనము వెచ్చించి నేర్చుకొనినది. 1677లో పార్లమెంటు అనుమతించిన ముప్పది యుద్ధనౌకలు కట్టబడి, పనిలేక రేవులలో నిలువ యుంచబడగా, 1684లో నౌకాశాఖకు తిరిగివచ్చిన శామ్యూల్ పీప్స్ వానిని స్వయముగా పరీక్షించి, లోపలి గర్భములలో పిడికిలి యంతేసి పుట్టగొడుగులు మొలచియుండుట చూచి, శుభ్రపఱచుటయు గాలి చొరనిచ్చుటయు మానివేసిన ఫలితమిదియని నిందించెను. ఆయన యుద్ధములో ఓడిన నౌకలను గూర్చి వ్రాయుటలేదు. తూటా తగులక, తుపాను చూడక, రేవులో కదలక నిలిచియే చెడిన నౌకలను గూర్చి వ్రాసెను. అటుపిమ్మట 1741లో స్టీఫెన్ హేల్స్ అను మతగురువు, మొక్కలలో రసము పైకెక్కు తీరును, గుఱ్ఱపు రక్తనాళములలోని పీడనమును మొదట కొలిచిన మహాశాస్త్రజ్ఞుడు, పెద్ద కొలిమితిత్తుల వంటి వాయుయంత్రములను కల్పించి ఓడగర్భములకు గాలి తోలించు పద్ధతిని రాయల్ సొసైటీ యెదుట వివరించెను. అయినను ఆ పాఠము మఱచుట సులభమైనది. 1810లో నీటదిగిన క్వీన్ షార్లెట్ అను గొప్ప యుద్ధనౌక, సముద్రముపై సేవకు పోకమునుపే కుళ్లిపోయి, ప్రకృతిశాస్త్రజ్ఞుడైన జేమ్స్ సవర్‌బీని పిలిపించి దానిలో మొలచిన శిలీంధ్రములను పరీక్షింపజేయవలసి వచ్చినది.

ఇప్పుడు గుడ్డ సంగతి. పూర్వము వాడిన దళసరి నూలు కాన్వాసు పొడిగా నున్నపుడు నేతసందులనుండి ఆవిరిని పోనిచ్చును. తడిసినపుడు నూలుపోగులు ఉబ్బి ఆ సందులను మూసి వానను నిలుపును. గుణము మంచిదేకాని, బరువు మిక్కుటము, స్వయముగా బూజునకు ఆహారము. 1961లో నార్త్ కెరొలైనాలోని గ్లెన్ రేవెన్ సంస్థ, పోగు తయారగునపుడే రంగు కలిపిన అక్రిలిక్ నూలుతో సన్‌బ్రెల్లా అను గుడ్డను వెలువరించిన తరువాత పడవలవారు క్రమముగా అటువంటి గుడ్డలకు మఱలిరి. ఇది ఎండకు త్వరగా చెడదు, బూజు దీనిని తినలేదు, నేతసందులు గాలిని కొంత పోనిచ్చును. వీనికి భిన్నముగా, పాలియెస్టరుపై వినైలు పూసిన గుడ్డలును, ఈ కాలమున వేడిగాలి తగిలించి పడవ చుట్టును బిగియునట్లు చేయు పాలిథీన్ పొరలును, ఆవిరిని అణుమాత్రమైనను పోనీయవు.

గుడ్డ ఆవిరిని పోనిచ్చునదైనచో ఇక వేఱు ఏర్పాటు అక్కరలేదని పెక్కుమంది తలంతురు. ఈ తలంపే నష్టములలో అధికభాగమునకు మూలమని నా దృఢవిశ్వాసము. నేతసందులగుండ ఆవిరి మెల్లమెల్లగా వ్యాపించుట నిజమే. కాని వానకో మంచుకో తడిసి ఆ సందులు నీటితో నిండినపుడు, లేదా గుడ్డమీద మంచుగడ్డ పేరుకొనినపుడు ఆ మార్గము మూతపడును. అనగా ఆవిరి బయటికి పోవలసిన అవసరము హెచ్చుగా నున్న దినములందే గుడ్డ సహాయము తగ్గును. అదియుగాక, గుడ్డ ఎంతటి గుణవంతమైనదైనను రాత్రి చల్లబడక మానదు. కనుక గుడ్డ ఏదైనను, గాలి కదలుటకు ప్రత్యేకమైన త్రోవలు ఉండితీరవలయును. ఒక ప్రవేశమార్గము, ఒక నిర్గమమార్గము, రెండును వేఱువేఱు చోట్ల ఉండవలయును. ఒక్క రంధ్రము చేసి గాలి వచ్చునని ఎదురుచూచుట వ్యర్థము; పోవు దారి లేని గాలి రాదు.

గాలిని కదల్చు శక్తులు రెండు. ఎండకు గుడ్డ క్రింది గాలి వెచ్చబడి తేలికయై పైకి పోగోరును. నీటియావిరి స్వయముగా పొడిగాలికంటె తేలికైనది గావున తేమగాలికి ఆ గుణము మఱికొంత హెచ్చు. రెండవది బయటి గాలి తాకిడి. వీని బలాబలములను లెక్కకట్టి చూచుట మేలు. లోపలికిని వెలుపలికిని 10 డిగ్రీల భేదమును, క్రింది రంధ్రమునకును పై రంధ్రమునకును ఒకటిన్నర మీటరు ఎత్తును ఉన్నచో, వెచ్చగాలి వలన కలుగు పీడనభేదము 0.6 పాస్కలు మాత్రమే. సెకనుకు 3 మీటర్ల వేగముతో వీచు పిల్లగాలి యొత్తిడి 5.4 పాస్కలులు, అనగా దానికి తొమ్మిది రెట్లు. గాలివేగము రెట్టింపైనచో ఒత్తిడి నాలుగు రెట్లగును. ఈ లెక్కవలన తేలునదేమనగా, ద్వారములను ఏర్పఱచునపుడు మొదట ఆ చోట గాలి ఏ దిక్కునుండి వీచునో కనుగొని, అణియమున ఒకటి, అమరమున ఒకటి తెఱచి, ఒకదానిని క్రిందను, రెండవదానిని మీదను ఉంచినచో రెండు శక్తులును కలిసి పనిచేయును. మబ్బు లేని రాత్రి గాలియు ఆగిపోవును, ఎండయు ఉండదు. గుడ్డ అత్యంతముగా చల్లబడునది అప్పుడే. కావున పగటివేళ వెడలిన ఆవిరియే లాభము. సాయంకాలమునకు లోపల మిగిలిన ఆవిరి రాత్రి నీరై తీరును.

నూఱు చదరపు సెంటీమీటర్ల రంధ్రముగుండ, అనగా అరచేయి పట్టునంత సందుగుండ, సెకనుకు అరమీటరు వేగముతో గాలి పోవుచున్నదనుకొన్నచో, గంటకు 18 ఘనమీటర్ల గాలి మాఱును. బయటిగాలి 10 డిగ్రీల కడ 80 శాతము ఆర్ద్రతతో లోనికి వచ్చి, వెచ్చబడకయే, సంతృప్తమై వెడలినను, ఘనమీటరునకు రెండు గ్రాములకు కొంచెము తక్కువగా నీటిని మోసికొనిపోవును. గంటకు 34 గ్రాములు. పడవ అడుగున మిగిలిన అయిదు లీటర్ల నీరు ఈ యొక్క సందుగుండ సుమారు ఆఱు దినములలో పోవలయును. పగటియెండకు లోపలిగాలి వెచ్చబడుచుండినచో అంతకంటెను త్వరగా పోవును. అరచేతి యంత సందు ఇంత పని చేయుననుట, కుట్టుకు కుట్టు చేర్చి సందులు మూయుటలో మనము చూపు ఓర్పును పునరాలోచింపజేయును.

ఆచరణలో మొదటి పని కొయ్యచట్రము. పడవ నడుమ అణియమునుండి అమరమువఱకు వెన్నుగఱ్ఱ నిలిపి, దానినుండి రెండు ప్రక్కలకు వాసములు దించి, గుడ్డ ఇంటికప్పు వలె ఏటవాలుగా నిలుచునట్లు చేయవలయును. మంచు జాఱిపోవుటకు ఈ వాలు ఎంత అవసరమో, లోపలి బిందువులు చూరు చేరుటకును అంతే అవసరము. వాసముల కొనలు పడవ అంచులను దాటి వెలుపలికి వచ్చినచో, గుడ్డ పడవ దేహమును తాకక ఎడముగా వ్రేలాడి, ఆ యెడములో క్రిందినుండి గాలి పైకెక్కును. గుడ్డను నేలవఱకు దించుట తగదు. దించినచో నేలతేమను కూడ లోనికి ఆహ్వానించినట్లగును. రెండు కొనలందును వెన్నుగఱ్ఱకు దిగువనున్న త్రికోణపు చోటును మూయక, వాన జల్లు కొట్టకుండ చిన్న చూరుగుడ్డ మాత్రము కుట్టి, పక్షులును కందిరీగలును గూడు కట్టకుండ వలగుడ్డ అమర్చవలయును. ఆ వల కన్నులు మఱీ సన్నమైనచో ధూళి పట్టి మూసికొనిపోవును గావున కొంచెము పెద్దవిగా నుండుట మేలు.

గాలిని లోనికి విడిచి నీటిని మాత్రము వెలుపలనే ఆపుటకు చక్కని యుక్తి డొరేడ్ పెట్టె. 1930లో ఓలిన్ స్టీఫెన్స్ రూపకల్పనతో కట్టబడి, 1931లో అట్లాంటిక్ సముద్రము దాటు పందెమున గెలిచిన డొరేడ్ అను తెరచాప నౌక పేరే దానికి నిలిచినది. పైకప్పుమీద ఒక పెట్టె. దాని ఒక కొనపై గాలిని పట్టు గొట్టపుమూతి. రెండవ కొన దగ్గఱ గదిలోనికి దిగు గొట్టము, పెట్టె అడుగుకంటె కొంత పైకి లేచియుండును. గాలి పెట్టెలో ప్రవేశించి ప్రక్కకు తిరిగి గొట్టములోనికి దిగును. దానితో వచ్చిన నీరు బరువుచే పెట్టె అడుగున పడి, అచటి చిన్న కన్నములగుండ పైకప్పుమీదికి జాఱిపోవును. గుడ్డకప్పులకు కుట్టు గాలిగూళ్లలో కూడ నీరు పడవలసిన చోటొకటి, గాలి తిరుగవలసిన చోటొకటి వేఱుగా నుండవలయునను ఈ సూత్రమునే పాటించినచో గాలివాన నాడును వానిని మూయ నక్కరలేదు.

గుడ్డ క్రింద గాలి యాడినంతమాత్రమున గదులలో గాలి యాడదు. తలుపులు, అఱలు, అడుగుపలకలు తెఱచియుంచి, మెత్తలను గోడకు ఆనించి నిలబెట్టి, లేదా ఇంటికి కొనిపోయి, అడుగునీటి బిరడా తీసివేసి, తడిత్రాళ్లను దండెముపై ఆఱవేసిన పిదపనే గుడ్డ కప్పవలయును. తేమను పీల్చు కాల్షియం క్లోరైడు డబ్బాలు మూసియున్న చిన్న గదిలో ఉపయోగపడును. నాలుగు దిక్కుల గాలి వచ్చు చోట వానిని ఉంచుట ఆకాశమునంతను ఆఱబెట్టబూనుట. ఎండపలకతో తిరుగు చిన్న విద్యుత్ పంకాలు గాలి లేని చోట్ల సాయపడునుగాని, అవియు పగలు మాత్రమే చుఱుకుగా తిరుగును.

కొయ్యపడవల విషయమున ఒక హద్దు ఎఱిగియుండవలయును. పలకలు మితిమీఱి ఆఱినచో ముడుచుకొని, సందులు విడిపోయి, వసంతమున నీట దింపినపుడు కొంతకాలము నీరు కారును. అందుచేత ఎండ పలకలపై నేరుగా పడనీయక, గుడ్డనీడలో, నెమ్మదిగా కదలు గాలి చాలును. ఎడతెగక కొట్టు ఈదురుగాలికి పడవనంతను అప్పగింప నక్కరలేదు. ఫైబరు పడవలకు ఈ భయము లేదు. కాని వాని పొరల నడుమ బల్సాకొయ్యయో ప్లైవుడ్డో దాగియుండుట సామాన్యము గావున తేమ భయము వానికిని తప్పదు.

మఱియొక చిక్కు ఏప్రిలులో వచ్చును. చలికాలమంతయు గడ్డకట్టిన ఇంజను, ఇనుప బరువులు, అడుగుకొయ్యలు ఇంకను చల్లగా నుండగానే, సముద్రమునుండి తేమతో నిండిన వెచ్చని పొగమంచు గాలి వీచును. ఆ దినములందు గాలి చొరనిచ్చిన కొలది ఆ చల్లని లోహముపై నీరు పట్టును. శీతకాలమున మేలుచేసిన ద్వారమే అపుడు కీడుచేయును. అనుభవజ్ఞులు బయటిగాలి తుషారస్థానమును, ఇంజను లోహపు ఉష్ణోగ్రతను సరిపోల్చి, లోహము చల్లగా నున్నంతవఱకు గాలికెదురుగా నున్న కొనను వాల్చి, పొడిగాలి వీచు నాడు మధ్యాహ్నము రెండు కొనలును తెఱచివేయుదురు. నాలుగైదు పొడిదినములు గడచి, ఇనుమును చేతితో తాకినపుడు చుట్టునున్న గాలియంత వెచ్చగా తోచిన తరువాత, ప్రక్కగుడ్డలను పైకి చుట్టి వెన్నుగఱ్ఱకు కట్టివేసి, పైనీడ మాత్రము నిలిపి, రంగు వేయు పనికి పూనుకొందురు.